సంకల్పంలో దేశకాలాలు: పరదేశవాసులకు ఒక పాఠం

ఏ కర్మనైనా ఆరంభించే ముందు కర్త ఆచమనం చేసి, ప్రాణాయామం చేసి, సంకల్పం చెప్పుకుంటాడు. సంకల్పమంటే కోరిక అని చాలామంది భావిస్తారు. పురోహితుడు చెప్పించే మాటలను శ్రద్ధగా విన్నవారికి కోరిక చిట్టచివర వస్తుందని తెలుస్తుంది. దానికి ముందున్న పెద్ద భాగమంతా చిరునామా వంటిది. కర్త ఏ ద్వీపంలో, ఏ వర్షంలో, ఏ నదుల నడుమ, ఏ పర్వతానికి ఏ దిక్కున, ఎవరి ఇంట నిలిచి ఉన్నాడో ముందు చెప్పాలి. తరువాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. ఆపైన గోత్రనామాలు. ఇవన్నీ చెప్పుకున్న తరువాతనే ‘ఈ పని చేయబోతున్నాను’ అనే మాట. దేశం, కాలం, కర్త నిశ్చయం కానిదే కర్మ లేదు.

ఈ నెల పాఠానికి ఈ విషయాన్ని ఎన్నుకోవడానికి కారణం ఉన్నది. నేను రిజిస్ట్రేషన్ శాఖలో ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. మన ఆలయ మండపంలో ఆదివారం సాయంత్రం ధర్మశాస్త్ర పాఠం చెబుతున్నాను. ఒకప్పుడు పాఠం ముగిశాక నా దగ్గర ఆగినవారు ఏకాదశి ఉపవాసాన్ని గురించో, గృహప్రవేశ ముహూర్తాన్ని గురించో అడిగేవారు. ఇప్పుడు ఆగేవారిలో సగం మంది, పిల్లలు పరదేశంలో ఉన్న తల్లిదండ్రులు. పత్తి చేల నడుమ, మిరప కల్లాల పక్కన పెరిగిన పిల్లలు డల్లాస్‌లో, అట్లాంటాలో, మెల్‌బోర్న్‌లో కాపురాలు పెట్టారు. వారి ప్రశ్నలు శాస్త్రంలో మొదలై చట్టంలోకి, చట్టంలో మొదలై శాస్త్రంలోకి దారితీస్తాయి. రెంటిలోనూ చిక్కు చాలావరకు ఒకచోటనే పడుతున్నది. మనిషి ఒక దేశంలో ఉండి మరొక దేశపు దేశకాలాలు చెప్పుకుంటున్నాడు.

ముందు దేశం సంగతి. మన గుంటూరు, ప్రకాశం మండలాలవారు సంకల్పంలో కృష్ణా కావేరుల మధ్యదేశంలో ఉన్నామని చెప్పుకోవాలి. అంగట్లో దొరికే వ్రతకల్పాలు కొన్నింటిలో కృష్ణా గోదావరుల మధ్య అని అచ్చయి ఉంటుంది. అది కృష్ణకు ఉత్తరపు గట్టున ఉన్న విజయవాడ వారికి సరిపోతుంది. నది దాటి మంగళగిరికి వస్తే సరిపోదు. అట్లే శ్రీశైలానికి గుంటూరు తూర్పున ఉన్నది, ఒంగోలు ఆగ్నేయాన ఉన్నది. పుస్తకంలో ఈశాన్యమని ఉన్నది గదా అని ఒంగోలువారు కూడా ఈశాన్యమే చదువుతూ ఉంటారు.

వలస మనకు కొత్త కాదు. మన ప్రాంతపు రైతులు కొందరు నిజాంసాగర్ ఆయకట్టుకు వెళ్ళారు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయిన తరువాత మరికొందరు సింధనూరు, గంగావతి ప్రాంతాలకు వెళ్ళి, క్యాంపులు కట్టుకొని, నల్లరేగడిలో వరి పండించారు. నిజాంసాగర్‌కు వెళ్ళినవారు కృష్ణా గోదావరుల నడుమకు చేరారు. సింధనూరు వెళ్ళినవారికి నదులు మారలేదు. శ్రీశైలం మాత్రం పడమటి నుండి తూర్పుకు తిరిగింది. ఆ తరం పురోహితులు ఇవి గమనించి సంకల్పం సవరించుకున్నారు. సముద్రం దాటినవారికి సవరణ పెద్దదవుతుంది. అమెరికాలోని అర్చకులు పలువురు జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపమని చెప్పిస్తారు. అందరి పాఠమూ ఒక్కటి కాదు. పిట్స్‌బర్గ్‌లో శ్రీవేంకటేశ్వరాలయం, న్యూయార్క్ ఫ్లషింగ్‌లో గణపతి ఆలయం 1977లో ప్రతిష్ఠ జరుపుకున్నాయి. అంటే ఆ దేశంలో ఆగమోక్తంగా పూజలు మొదలై అర్ధశతాబ్ది కావస్తున్నది. కొత్తగా వెళ్ళినవారు తమకు దగ్గరలోని ఆలయ అర్చకుణ్ణి అడిగి, అక్కడ చెప్పే దేశపాఠాన్ని రాసి ఉంచుకోవాలి. గుంటూరు నుండి ఫోనులో పూజ చేయించే పురోహితుడు కూడా కర్త ఉన్న దేశాన్నే చెప్పించాలి. తాను ఉన్న దేశాన్ని కాదు.

ఇక ‘ఎవరి ఇంట’ అనే మాట. సొంత ఇల్లయితే స్వగృహమని, అద్దె ఇల్లయితే వసతి గృహమని చెప్పుకోవడం మన సంప్రదాయం. డల్లాస్ సమీపంలో ఇల్లు కొన్న ఒక అమ్మాయి నన్ను ఫోనులో అడిగింది: “తాతయ్యగారూ, ముప్పై ఏళ్ళ అప్పు ఉన్నది. బ్యాంకు వారిదా, మాదా? ఏమని చెప్పుకోవాలి?” చక్కని ప్రశ్న. తనఖా పెట్టిన ఆస్తికి యజమాని యజమానే, ఋణదాతకు దానిపై హక్కు మాత్రమే ఉంటుంది. దస్తావేజు ఎవరి పేర ఉన్నదో వారిదే ఇల్లు. స్వగృహమనే చెప్పుకోవచ్చునని చెప్పాను.

అద్దె ఇంట్లో ఉన్నవారికి మాత్రం కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. అమెరికాలో ఇళ్ళు చాలావరకు కొయ్య చట్రంతో కట్టినవి. గోడలోపల ఉన్నది ఇటుక కాదు, చెక్క. పైకప్పుకు పొగను పసిగట్టే యంత్రం ఉంటుంది. మన ఇంట్లో చేసినట్లు హాలులో ఇటుకలు పేర్చి హోమం చేస్తే ఆ యంత్రం మోగుతుంది. కొన్ని భవనాలలో అగ్నిమాపక దళమే వచ్చి నిలుస్తుంది. దానిలోని బ్యాటరీ తీసివేసి హోమం చేసుకున్నామని గొప్పగా చెప్పినవారు ఉన్నారు. అది నిద్రించే పిల్లల ప్రాణాలకు కాపలా ఉన్న యంత్రం, దానిని ముట్టకూడదు. హోమం ఆలయంలో చేయించుకోవాలి. ఇంట్లో పాలు పొంగించడానికి అభ్యంతరం లేదు గాని, విద్యుత్ పొయ్యి మీద పొంగిన పాలు మాడి పొగ లేస్తుంది. చిన్న గిన్నెలో కొద్ది పాలు పోసి, అడుగున వెడల్పాటి పళ్ళెం ఉంచి, పొంగు రాగానే దించితే చాలును. దీపాన్ని తెరలకు దూరంగా, లోతైన పళ్ళెంలో నిలిపి, ఇంట్లో మనుషులు ఉన్నంతసేపే వెలగనివ్వాలి.

ఇప్పుడు కాలం. ఈ పాఠంలో కష్టమైన భాగం ఇదే. ఒక కుటుంబం సంగతి చెప్పి వివరిస్తాను.

చిలకలూరిపేట వైపు ఒక గ్రామం. ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు ఊళ్ళోనే ఉండి మిరప, పత్తి పండిస్తున్నాడు. చిన్నవాడు డల్లాస్‌లో ఉన్నాడు. తండ్రి పోయి మూడు సంవత్సరాలు. సంవత్సరీకాలు కలిసే జరిపారు, ఆ తరువాత ఎవరి ఇంట వారు ఆబ్దికం పెట్టుకుంటున్నారు. ఒక శీతకాలంలో పెద్దవాడు నా దగ్గరకు వచ్చి మండపం మెట్ల మీద కూర్చున్నాడు. “తమ్ముడు అక్కడ తద్దినం మంగళవారమే పెట్టేశాడండీ. నాన్న తిథి బుధవారం గదా. ముందురోజు పెట్టిన పిండం ఎవరికి చేరుతుంది?” అన్నాడు. ఆ గొంతులో కోపం కంటె దిగులు ఎక్కువగా ఉన్నది. వారం రోజులుగా అన్నదమ్ముల మధ్య మాటలు లేవని తరువాత తెలిసింది.

తిథి అంటే ఏమిటో ముందు చూడాలి. సూర్యుని నుండి చంద్రుడు 12 భాగలు దూరం జరగడానికి పట్టే కాలం ఒక తిథి. చంద్రగతి ఒకే తీరుగా ఉండదు కాబట్టి తిథి ఒకప్పుడు 20 గంటలలోపే ముగుస్తుంది, ఒకప్పుడు 26 గంటలు దాటుతుంది. అది ఆకాశంలో జరిగే సంగతి గనుక, తిథి మారే క్షణం భూమి అంతటికీ ఒక్కటే. ఆ క్షణాన ఏ ఊరి గడియారం ఎంత చూపుతుందనేదే వేరు. గుంటూరు గడియారానికి డల్లాస్ గడియారం శీతకాలంలో 11 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది. మార్చి రెండవ ఆదివారం నుండి నవంబరు మొదటి ఆదివారం వరకు అక్కడివారు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. అప్పుడు తేడా 10 గంటల 30 నిమిషాలు.

రెండవ సంగతి: ఆబ్దికానికి ఏ వేళనున్న తిథిని గ్రహించాలి? వ్రతాలకు చాలావాటికి ఉదయకాలపు తిథిని చూస్తాము. ప్రత్యాబ్దికానికి అపరాహ్ణంలో ఉన్న తిథి ప్రధానం. సూర్యోదయం నుండి అస్తమయం వరకు ఉన్న పగటిని ఐదు సమభాగాలు చేస్తే నాలుగవ భాగం అపరాహ్ణం. పగలు సరిగా 12 గంటలు, సూర్యోదయం 6 గంటలకు అనుకుంటే, పగలు 1 గంట 12 నిమిషాల నుండి 3 గంటల 36 నిమిషాల వరకు అన్నమాట. అయితే సియాటిల్ వంటి ఉత్తరపు ఊళ్ళలో జూన్ నెలలో పగలు సుమారు 16 గంటలు, డిసెంబరులో ఎనిమిదిన్నర గంటలకు లోపే. కాబట్టి అపరాహ్ణం కూడా సాగుతుంది, కుంచించుకుపోతుంది. గుంటూరు అపరాహ్ణపు వేళలు అక్కడ పనికిరావు.

ఇప్పుడు ఆ అన్నదమ్ముల లెక్క. అర్థం కావడానికి అంకెలు కొంచెం సరళం చేసి చెబుతున్నాను. తండ్రి తిథి గుంటూరు గడియారం ప్రకారం మంగళవారం సాయంత్రం 4 గంటలకు మొదలై, బుధవారం మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలకు ముగిసింది. మంగళవారం అపరాహ్ణం గడిచిపోయిన తరువాతనే తిథి వచ్చింది. బుధవారం అపరాహ్ణమంతా తిథి ఉన్నది. కాబట్టి ఊళ్ళో బుధవారమే ఆబ్దికం. ఇందులో సందేహం లేదు.

అదే తిథిని డల్లాస్ గడియారంలోకి మార్చితే మంగళవారం తెల్లవారుజామున 4 గంటల 30 నిమిషాలకు మొదలై, బుధవారం తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలకు ముగుస్తుంది. అక్కడ మంగళవారం అపరాహ్ణమంతా తండ్రి తిథే. బుధవారం సూర్యోదయానికి ముందే తిథి వెళ్ళిపోయింది. తమ్ముడు మంగళవారం మధ్యాహ్నం 2 గంటలకు పిండప్రదానం చేశాడు. ఆ క్షణాన మన ఊళ్ళో బుధవారం వేకువ ఒంటిగంటన్నర. అన్నగారు నిద్రలో ఉన్నారు, తండ్రిగారి తిథి నడుస్తున్నది. మరునాడు మధ్యాహ్నం అన్నగారు పెట్టినప్పుడూ అదే తిథి నడుస్తున్నది. ఇద్దరూ ఒకే తిథిలో పెట్టారు. గోడ మీది క్యాలెండరులో మాత్రమే అంకె వేరు. అన్నగారి కోరిక ప్రకారం తమ్ముడు డల్లాస్‌లో బుధవారం మధ్యాహ్నం పెట్టి ఉంటే, తిథి ముగిసి దాదాపు పది గంటలు గడిచి ఉండేది.

ఈ లెక్క మండపంలో పలక మీద వేసి చూపించాను. ఆయన రెండుసార్లు వేలితో గీతలు గీసి చూసుకొని, ఫోను తీసుకొని ఆలయం వెలుపలికి వెళ్ళాడు. అప్పుడు డల్లాస్‌లో తెల్లవారి ఆరు కూడా కాలేదు. అయినా తమ్ముడు ఫోను ఎత్తాడట.

ఆస్ట్రేలియాలో ఉన్నవారికి ఇది తలకిందులుగా వస్తుంది. మెల్‌బోర్న్ గడియారం మనకంటె నాలుగున్నర గంటలు, అక్కడి వేసవిలో ఐదున్నర గంటలు ముందు నడుస్తుంది. అక్కడ కొన్ని తిథులు మనకు మరునాటి తేదీన పడతాయి. మరొక చమత్కారం కూడా ఉన్నది. మకర సంక్రాంతి నాడు అక్కడ నడివేసవి. సూర్యుడు ఉత్తరముఖంగా కదలడం అంతటికీ ఒక్కటే గనుక ఉత్తరాయణమని చెప్పడానికి అభ్యంతరం లేదు. ఎండ మండుతుండగా హేమంత ఋతువని చెప్పవచ్చునా అనే విషయంలో పండితులు ఏకాభిప్రాయంతో లేరు. నా మట్టుకు, చాంద్రమాసాన్ని అనుసరించి వచ్చే ఋతునామాన్ని మార్చనక్కరలేదనే అభిప్రాయం.

మరణతిథిని నిర్ణయించేటప్పుడు ఒక పొరపాటు తరచు వింటున్నాను. తండ్రి గుంటూరులో రాత్రి 9 గంటలకు పోయారు. కుమారునికి డల్లాస్‌లో అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. అతడు అక్కడి పంచాంగంలో ఆనాటి సూర్యోదయపు తిథి చూసి రాసుకుంటాడు. ప్రాణం పోయిన క్షణాన ఆకాశంలో ఏ తిథి ఉన్నదో అదే మరణతిథి. అది ఊరి పంచాంగంలో చూసినా, డల్లాస్ పంచాంగంలో ఆ క్షణానికి చూసినా ఒక్కటే రావాలి. మాసం, పక్షం, తిథి ఒక్కసారి రాసిపెట్టుకొని, తరువాత ఏటేటా తాము నివసించే ఊరి పంచాంగంలో ఆ తిథి అపరాహ్ణంలో ఏ రోజున ఉన్నదో చూసుకోవాలి. రెండు రోజుల అపరాహ్ణాలలోనూ తిథి ఉన్నప్పుడు, లేదా ఏ రోజూ లేనప్పుడు నిర్ణయం సూక్ష్మమైనది. తమ పురోహితుణ్ణి అడగాలి. రాహుకాలం కూడా అంతే. సోమవారం ఏడున్నర నుండి తొమ్మిది అనేది ఆరు గంటలకు సూర్యోదయమయ్యే ఊరి లెక్క. పగటిని ఎనిమిది భాగాలు చేసి సోమవారం రెండవ భాగం గ్రహించాలి.

దేశకాలాల తరువాత కర్త. గోత్రనామాలు చెప్పుకున్నట్లే, ప్రభుత్వం ముందు కూడా మనిషి తాను ఎవరో చెప్పుకోవలసి ఉంటుంది. ఇక్కడ నా పాత ఉద్యోగపు అనుభవం ఉపయోగపడుతున్నది.

మన ప్రాంతంలో ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద ఎకరమో, రెండెకరాలో రాసి ఇవ్వడం ఆచారం. కుమారునికి కూడా తండ్రి తన జీవితకాలంలోనే దాన సెటిల్‌మెంటు దస్తావేజు రాసి భూమిని అప్పగించడం మామూలే. బిడ్డ ఊళ్ళో ఉన్నంతవరకు ఇది మంచి పద్ధతి. బిడ్డ పరదేశంలో స్థిరపడి ప్రవాస భారతీయుడు అయిన తరువాత విదేశీ మారక నిర్వహణ చట్టం కింద నిబంధనలు వేరు. ప్రవాస భారతీయులు గాని, ఓసీఐ కార్డు ఉన్నవారు గాని వ్యవసాయ భూమిని, తోటను, ఫామ్‌హౌస్‌ను కొనరాదు, దానంగా పుచ్చుకొనరాదు. ఇల్లు, ఇంటిస్థలం వంటివాటికి ఈ నిషేధం లేదు. వ్యవసాయ భూమి వారసత్వంగా రావచ్చును. భారతదేశంలో నివసించిన కాలంలో సంపాదించుకున్న భూమిని కూడా అట్టే ఉంచుకోవచ్చును. కాబట్టి అమ్మాయి ఇక్కడ ఉండగా రాసి ఇచ్చిన పసుపు కుంకుమల పొలం ఆమెదే. ఆమె అమెరికాలో స్థిరపడిన తరువాత, సెలవులకు వచ్చినప్పుడు రాసి ఇవ్వబోతే మాత్రం నిబంధన అడ్డం వస్తుంది. ఆ భూమి ఆమెకే చెందాలని తల్లిదండ్రుల కోరిక అయితే వీలునామా రాయడం మార్గం. వీలునామా ద్వారా వచ్చేది వారసత్వమే. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని, చేయించడం మంచిది. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పనిసరి. భూమిని అమ్మదలచినప్పుడు భారతదేశంలో నివసించే భారతీయునికే అమ్మాలి.

ఒక తల్లి నాతో వాదించింది. “నా కూతురు నా కూతురు కాకుండా పోయిందా? నా పొలం నా బిడ్డకు ఇవ్వడానికి ఢిల్లీ వారి అనుమతి ఏమిటి?” అని. ఆమె ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయితే చట్టం అడుగుతున్నది కూతురు ఎవరని కాదు, ఎక్కడ నివసిస్తున్నదని. వారం తరువాత ఆమె వీలునామా రాయించింది. అందులో ఆ పొలం హద్దులతోపాటు నేరేడు చెట్టును కూడా రాయించింది. సర్వే నంబరు ఉన్నది గదమ్మా అన్నాను. “నంబరు దానికేమి తెలుసు, చెట్టయితే గుర్తుపడుతుంది” అన్నది.

పరదేశం నుండి పవర్ ఆఫ్ అటార్నీ పంపేవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. అక్కడి భారత కాన్సులేటులో గాని, నోటరీ ముందు గాని సంతకం చేయాలి. నోటరీ ముందు చేసిన పత్రానికి ఆ రాష్ట్రపు అధికారుల అపోస్టిల్ ముద్ర వేయిస్తే ఇక్కడ చిక్కు ఉండదు. పత్రం భారతదేశానికి చేరిన తరువాత మూడు నెలలలోగా స్టాంపు రుసుము చెల్లించాలి. నేను ఉద్యోగంలో ఉండగా, ఇంటి బీరువాలో చీరల నడుమ సంవత్సరం పాటు భద్రంగా దాచి తెచ్చిన పత్రాలు చూశాను. ‘అన్ని పనులకూ’ అని రాయకుండా, ఏ సర్వే నంబరు, ఏ పని, కౌలుకు ఇవ్వడానికా, అమ్మడానికా అని స్పష్టంగా రాయడం ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ క్షేమం.

బ్యాంకు సంగతి కొంత త్వరగా చెబుతాను. పరదేశంలో స్థిరపడినవారు ఇక్కడి మామూలు పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి. పొలం కౌలు, ఇంటి అద్దె అందులోనే జమ కావాలి. అక్కడ సంపాదించి పంపే సొమ్ముకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా; దాని వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుండి ఒక ఆర్థిక సంవత్సరంలో, తగిన పన్ను పత్రాలతో, 10 లక్షల డాలర్ల వరకు బయటికి పంపుకోవచ్చును. ఇది ఇక్కడి భాగం. అక్కడి భాగాన్ని చాలామంది మరచిపోతారు. అమెరికాలో పన్ను నివాసిగా ఉన్నవారు ప్రపంచంలో ఎక్కడి ఆదాయాన్నైనా అక్కడ చూపించాలి. ఇతర దేశాలలోని ఖాతాలన్నీ కలిపి సంవత్సరంలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు మించితే ప్రత్యేకంగా నివేదిక ఇవ్వాలి. తండ్రితో కలిసి ఉన్న ఉమ్మడి ఖాతా కూడా ఈ లెక్కలోకి వస్తుంది. మిరప అమ్మిన సొమ్మును తండ్రి ఆ ఖాతాలో నాలుగు రోజులు ఉంచితే, ఆ నాలుగు రోజులూ కుమారుని లెక్కలోనివే.

పిల్లలను చూడడానికి వెళ్ళే తల్లిదండ్రులకు కొద్ది మాటలు. పదేళ్ళ వీసా అంటే పదేళ్ళు ఉండవచ్చునని కాదు. విమానం దిగినప్పుడు అధికారి ఎంతవరకు అనుమతించాడో, సాధారణంగా ఆరు నెలలు, ఆ తేదీలోగా తిరిగి రావాలి. వైద్య బీమా లేకుండా వెళ్ళకూడదు. పాత జబ్బులకు అది ఎంతవరకు వర్తిస్తుందో ముందే చదివించుకోవాలి. నిత్యం వాడే మందులు డాక్టరు చీటీతో సహా తీసుకువెళ్ళాలి. ఆవకాయ, గోంగూర పచ్చడి జాడీలు చేతిసంచిలో కుదరవు, నూనె ఉన్నది గనుక ద్రవపదార్థాల కిందికి వస్తాయి. పెద్ద పెట్టెలో గట్టిగా మూతవేసి పెట్టాలి. ఎండుకారానికి అభ్యంతరం సాధారణంగా రాదు. పచ్చి కరివేపాకు మాత్రం అమెరికాలోకి రానివ్వరు. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దానిపై ఉంటుందని వారి భయం. తినే వస్తువులు ఏమున్నాయని అడిగినప్పుడు ఉన్నవన్నీ చెప్పాలి. చెప్పిన వస్తువును తీసివేయవచ్చు గాని, చెప్పకుండా పట్టుబడితే జరిమానా.

చివరికి మిగిలినది, ఎవరూ బిగ్గరగా అడగని ప్రశ్న. పాఠం ముగిసి అందరూ వెళ్ళాక, చెప్పులు తొడుక్కుంటూ అడుగుతారు. “నాకేమైనా అయితే వాడు రాగలడా?”

డల్లాస్ నుండి హైదరాబాదుకు మధ్యలో ఒక విమానం మారి రావడానికి ఇరవై గంటలకు పైగా పడుతుంది. అక్కడి నుండి నరసరావుపేట వైపు పల్లెకు మరో ఐదారు గంటల కారు ప్రయాణం. టిక్కెట్టు దొరకడం, విమానాశ్రయానికి చేరడం కలుపుకుంటే కబురు అందిన తరువాత రెండు పగళ్ళు అనుకోవాలి. ఫ్రీజర్ పెట్టె తెప్పించి ఎదురుచూస్తున్న కుటుంబాలను మనమందరం చూశాము. దూరం ఒక్కటే అడ్డంకి అయితే ఇంతే. చాలామంది పిల్లలకు దూరం కంటె పెద్ద అడ్డంకి కాగితం. అమెరికాలో ఉంటూనే విద్యార్థి స్థాయి నుండి ఉద్యోగి స్థాయికి మారినవారికి అక్కడ ఉండే హక్కు ఉంటుంది గాని, పాస్‌పోర్టులో కొత్త వీసా ముద్ర ఉండదు. ఇక్కడికి వస్తే తిరిగి వెళ్ళడానికి మళ్ళీ కాన్సులేటులో వీసా తీసుకోవాలి. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2023 నుండి నానక్‌రామ్‌గూడలో ఉన్నది. అత్యవసర కారణాలపై త్వరగా ఇంటర్వ్యూ కోరే వీలున్నది, దొరుకుతుందని హామీ లేదు. గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తున్నవారిలో కొందరు ముందస్తు ప్రయాణ అనుమతి లేకుండా దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్లే లెక్క. అందువల్ల రాలేకపోయిన కుమారుణ్ణి రాతిగుండె వాడని అనడానికి ముందు ఈ సంగతి ఆలోచించాలి. పిల్లలు కూడా తమ పరిస్థితి ఏమిటో తల్లిదండ్రులకు దాచకుండా చెప్పాలి. ‘తప్పకుండా వస్తానమ్మా’ అని ఊరికే అనడం కంటె, ‘ఫలానా నెల వరకు నేను కదలలేను’ అని చెప్పడం వారికి ఎక్కువ ఊరట.

శాస్త్రం ఈ సందర్భాన్ని ఊహించనిది కాదు. దేశాంతరగతుడైన కుమారుని గురించి ధర్మగ్రంథాలు విస్తారంగా చర్చించాయి. జ్యేష్ఠుడు అందుబాటులో లేనప్పుడు కనిష్ఠుడు, కుమారులెవరూ లేనప్పుడు పౌత్రుడు, దౌహిత్రుడు, సోదరుడు, జ్ఞాతి కర్తలవుతారు. దూరాన ఉన్న కుమారునికి కబురు విన్ననాటి నుండి ఆశౌచ విధులు చెప్పబడ్డాయి. దశాహానికి చేరుకోగలిగినవాడు ధర్మోదకాలు ఇవ్వవచ్చును. రాలేనివాడు తాను ఉన్నచోట స్నానతర్పణాలు చేసి, తరువాతి మాసికాలను అక్కడి పురోహితునితో నడుపుకోవచ్చును. ఎవరు కర్త కావాలో కుటుంబం బతికి ఉండగానే మాట్లాడుకోవడం అశుభమని మన పెద్దలు నోరు విప్పరు. వీలునామా రాయడానికి లేని అశుభం దీనికెందుకు? పొలం ఎవరిదో చెప్పగలిగినవారు కొరివి ఎవరిదో కూడా చెప్పవచ్చును.

పరదేశంలో బిడ్డ ఉన్న ప్రతి ఇంటిలో ఒక కాగితం రాసి ఉంచుకోమని నేను ఆదివారపు పాఠంలో చెబుతున్నాను. బిడ్డ ఫోను నంబరు దేశపు సంఖ్యతో సహా, కోడలి లేదా అల్లుని నంబరు, అక్కడ వారికి తెలిసిన ఒక స్నేహితుని నంబరు, ఎందుకంటే మన రాత్రి వారి పగలు, ఉద్యోగంలో ఉండగా ఫోను పలకకపోవచ్చును, ఇక్కడ కర్తగా ఉండవలసినవారి పేరు, పురోహితుని నంబరు, వీలునామా, పాస్‌పుస్తకం ఏ పెట్టెలో ఉన్నదో. దేవుని గదిలో పటం వెనుక ఉంచుతామని చాలామంది అంటారు. వంటింట్లో బియ్యం డబ్బా పైన గోడకు అంటించడం మేలు. అర్ధరాత్రి తలుపు తోసుకొని వచ్చేది పొరుగింటివారు, వారికి కనబడాలి.